మండుటెండలో సైకిలు పయనము

మన అనంతపురపు సీమలో ఎండను గూర్చి యెవ్వరికిని క్రొత్తగా చెప్పవలసిన పని లేదు. పడమటి కనుమలు నైరుతి మేఘములను ఆవలనే నిలిపివేయుటచేత ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే యీ పీఠభూమిపై కురియుచున్నది. దేశములో మిక్కిలి తక్కువ వానగల జిల్లాలలో మనది యొకటి యని చెప్పుదురు. 2022వ సంవత్సరమున జిల్లా రెండుగా చీలి, పుట్టపర్తి ముఖ్యపట్టణముగా శ్రీ సత్యసాయి జిల్లా వేరైనను, ఎండ మాత్రము పంపకము లేక ఉమ్మడిగానే నిలిచినది. ఏప్రిలు, మే నెలలలో 40 డిగ్రీలు దాటుట ఇచ్చట సామాన్యము. ఇట్టి యెండలో సైకిలు త్రొక్కు పిల్లలకు నీరెట్లు ఈయవలెను, శరీరము నెట్లు చల్లబరుపవలెను అను విషయమును గూర్చి నాలుగు మాటలు వ్రాయదలచితిమి. ఇది పందెగాండ్ర విషయము గదా, గృహిణుల కేల యని కొందరనవచ్చును. పందెగాని వెంట సీసాలందించుటకు మోటారుబండ్లు నడచును. మన పిల్ల సీసా నింపవలసినది మనమే.

మార్చి నెల నడిమినుండి మన బడులు ఒంటిపూట నడచుట అందరెరిగినదే. ఎండ ముదురకమునుపే పిల్లలిండ్లు చేరుదురని పెద్దలు చేసిన యేర్పాటిది, ఉద్దేశము మంచిదే. ఉదయము ఏడు గంటలకు బయలుదేరు బాలికకు దారి చల్లగనే యుండును. కాని బడి విడుచునది పండ్రెండున్నరకు. అప్పుడు సైకిలెక్కి, వేరుసెనగ తీసిన బోడిచేల నడుమ, కరగుచున్న తారురోడ్డుమీద ఏడెనిమిది కిలోమీటర్లు త్రొక్కి యిల్లు చేరవలెను. పోవునపుడు లేని యెండ వచ్చునపుడు రెట్టింపై కాచుకొనియుండును. తల్లి యుదయమున చల్లని గాలి చూచి పిల్లను పంపును. మధ్యాహ్నపు దారి ఆమె కంటబడదు.

కొన్నియేండ్ల క్రిందట మన ప్రభుత్వమువారు 'బడికొస్తా' యను పేరితో ఉన్నత పాఠశాలల బాలికలకు సైకిళ్లు పంచిరి. ఆ పథకము తరువాత నిలిచిపోయినది గాని, అది యొక త్రోవ చూపినది. పొరుగూరి బడికి నడచిపోలేక చదువు మానుకొను బాలికలు సైకిలు పుణ్యమా యని పదవ తరగతి ముగించుట మేము కన్నులార చూచితిమి. ఇప్పుడు ఎండకాలము రాగానే "ఎందుకమ్మా, వడదెబ్బ తగిలితే ఎవరిది పూచీ" యని సైకిలును గోడకు చేర్పించి, పిల్లను ఇంట కూర్చుండబెట్టు తల్లులను కూడ చూచుచున్నాము. వారి భయము వట్టిది కాదు. కాని భయమునకు మందు సైకిలు మాన్పించుట కాదని మా మనవి.

ఎండలో సైకిలు త్రొక్కునపుడు ఒంటిలో జరుగునదేమో మొదట తెలిసికొందము. మనము తినిన యన్నపు శక్తిలో నాలుగవ వంతో, అంతకు లోపో చక్రము త్రిప్పుటకు పోవును. తక్కిన ముప్పాతిక పాలును వేడిగా మారి ఒంటిలోనే పుట్టును. దాని నెటులైన బయటికి పంపవలెను. చర్మపు వేడి ఇంచుమించు 35 డిగ్రీలు. గాలి అంతకంటె చల్లగ నున్నపుడు ఆ గాలియే కొంత వేడిని తీసికొనిపోవును. గాలి 40 డిగ్రీలున్నపుడో, అది తీసికొనుటకు మారుగా మనకే ఎదురు వేడి యిచ్చును. అప్పుడు మిగిలిన యుపాయ మొక్కటే: చెమట ఆవిరియగుట. ఒక లీటరు చెమట చర్మముపై ఆవిరి యగునపుడు సుమారు 580 కిలోకాలరీల వేడిని వెంటగొనిపోవును. ఆ వేడి యెంతటిదన, కడవలోని నీళ్లను ఎనిమిది లీటర్లు తీసి పొయ్యిమీద మరుగ కాచుటకు చాలినంత.

ఇది మన వంటింటి మూలనున్న మంటికుండ చేయు పనియే. కుండ సన్నని రంధ్రముల గుండ నీరు ఊరి, పైన ఆవిరియై, లోపలి నీటిని చల్లబరుచును. క్రొత్తకుండకు మెరుగుపూత పూసిన అది చల్లబరుపదు. ఊరక కారిపోవు చెమటయు అట్టిదే; అది నేలపాలగును గాని మనకు చలువ నీయదు.

ఇచ్చటనే మన సీమకొక మేలును, ఒక మోసమును గలవు. మచిలీపట్టణమున కాపురమున్న మా చెల్లెలు వేసవిలో మాయింటికి వచ్చినపుడెల్ల "అక్కా, మీయూరిలో చెమటే పట్టదు గదా" యని సంతసించును. చెమట పట్టకపోవుట కాదు. పట్టిన చెమట పట్టినట్లే యెండిపోవుచున్నది. సముద్రతీరమున గాలి 36 డిగ్రీలే యున్నను, తేమ నూటికి 65 పాళ్లున్నచో, ఉష్ణమాపకపు బుడ్డికి తడిగుడ్డ చుట్టి గాలి తగులనిచ్చినను అది 30 డిగ్రీలకంటె క్రిందికి దిగదు. ఇచ్చట గాలి 40 డిగ్రీలున్నను, తేమ 20 పాళ్లే యగుటచేత అదే తడిగుడ్డ సుమారు 23 డిగ్రీల వరకు దిగును. కావున తడిపి చల్లబరుచుకొను విద్య కోస్తావారికంటె మనకే యెక్కువ పనికివచ్చును. ఇది మేలు. మోసమేమనగా, రవికె తడియదు, నుదుట చెమట కారదు. పిల్లకు తాను నీరు పోగొట్టుకొనుచున్నానను తెలివి కలుగదు. సైకిలు పోవుచున్నంతసేపు ఎదురుగాలి ఆ కొద్దిపాటి తడిని కూడ తుడిచివేయును. చొక్కాయిపై తెల్లని ఉప్పుచారలు కనబడిన తరువాత గాని సంగతి బయటపడదు.

అట్లయిన దాహము వేయదా యని యడుగవచ్చును. వేయును గాని ఆలస్యముగ వేయును. రెండవ ప్రపంచయుద్ధకాలమున అమెరికాలోని రోచెస్టరు విశ్వవిద్యాలయపు ఎడ్వర్డు అడాల్ఫు అను శాస్త్రజ్ఞుడు కాలిఫోర్నియా యెడారిలో సైనికులను పరీక్షించి, 1947లో ఒక గ్రంథము వెలువరించెను. నీరు చేతికందునంత దగ్గర నున్నను, ఎండలో పనిచేయు మనుష్యుడు పోగొట్టుకొనినంత త్రాగడనియు, ఆ వెలితిని భోజనము చేయునపుడే చాలవరకు పూడ్చుకొనుననియు ఆయన కనుగొనెను. ఈ రెండవ మాట తల్లులకు బంగారము వంటిది. పండ్రెండున్నరకు బయలుదేరు బాలిక బడిలో మధ్యాహ్నభోజనము చేయునపుడే నెమ్మదిగ రెండు గ్లాసులు నీరు త్రాగినయెడల సగము పని తీరినట్లే. భోజనపు వేళ త్రాగక, సైకిలెక్కిన పిదప గడగడ త్రాగిన కడుపులో నీళ్లు కదలి డోకు వచ్చును.

ఎంత పోవుచున్నదో తెలిసికొనుటకు తూనిక యొకటి చాలును. బయలుదేరక మునుపును, వచ్చిన పిదప ఒళ్లు తుడుచుకొనియు తూగిన యెడల, తగ్గిన ప్రతి కిలోయు ఒక లీటరు నీటికి సమానము; నడుమ త్రాగిన నీటిని దానికి చేర్చుకొనవలెను. ఒంటి బరువులో నూటికి రెండు పాళ్లు తగ్గిన వెంటనే కాలిబలము సడలుటయు, గుండె వేగముగ కొట్టుకొనుటయు, చిరాకును మొదలగును. నలువది కిలోల పిల్లకు రెండు పాళ్లనగా 800 గ్రాములు. ఎండలో గట్టిగ త్రొక్కువారికి గంటకు అరలీటరు మొదలు లీటరున్నర వరకు చెమట పోవును. అరగంట దారి పోవు బాలికకు దారిలోనే ఆపద రాదు. కాని ఉదయము చుక్క నీరు త్రాగక వెళ్లి, బడిలోను త్రాగక, మధ్యాహ్నము సైకిలెక్కినచో ఆ వెలితి అప్పటికే సగము ఏర్పడియుండును. తూనిక లేనివారు మూత్రపు వర్ణమును చూడవచ్చును. లేతగడ్డి రంగున నున్న మేలు; ముదురు పసుపైన నీరు చాలలేదని యర్థము. ఇట్టి మాటలు పత్రికలో వ్రాయుట కొందరికి రుచింపదేమో; బిడ్డల యారోగ్యము దగ్గర సిగ్గెందుకు?

పూర్వము శ్రమచేయువాడు నడుమ నీరు త్రాగరాదని పెద్ద పెద్ద వస్తాదులే చెప్పుచుండిరి. "వేడిమీద నీళ్లు త్రాగకు" అని మన పెద్దలును అనుచుండిరి. సీమలయందును ఇదే మాట. ఫ్రాన్సు దేశమందు ఏటేట జరుగు టూర్ ద ఫ్రాన్స్ అను సైకిలు పందెములో ఒకప్పుడు ఒక్కొక్క పందెగానికి నాలుగు సీసాల నీరు, అనగా సుమారు రెండు లీటర్లు, మాత్రమే యీయవలెనను కట్టుబాటుండెను. 1967వ సంవత్సరము జూలై 13వ తేదీని మాంట్ వెంటూ అను బోడికొండ నెక్కుచు, టామ్ సింప్సన్ అను ఇంగ్లీషు యువకుడు మండుటెండలో సైకిలుమీదినుండి పడి మరణించెను. వయస్సు 29. ఆతడు ఉత్తేజకరమగు మందులు మ్రింగినాడు, దారిలో బ్రాందీ త్రాగినాడు; అవియు ఎండయు నీటి వెలితియు కలసి ఆతని ప్రాణము తీసినవి. మందు లోపలి బడలికను తెలియనీయదు, సారాయి నీటిని పోగొట్టును. ఇప్పుడట్టి కట్టుబాటు లేదు. పందెగాండ్రు దారిపొడవున త్రాగుదురు, తలమీద పోసికొందురు, సన్నని మేజోళ్లలో మంచుముక్కలు నింపి మెడవెనుక వీపున జారవిడుచుకొందురు.

ఈ విద్య సీమలవారు క్రొత్తగ కనిపెట్టినదా? భారతములో ద్రోణపర్వము చదివిన సోదరీమణులు జ్ఞప్తికి తెచ్చుకొందురు గాక. సైంధవుని జంపుదునని ప్రతిజ్ఞ పట్టిన అర్జునునకు ప్రొద్దు క్రుంకులోపల పని ముగియవలెను. గడియ గడియయు ప్రాణముతో సమానము. అయినను నడిమధ్యాహ్నమున గుఱ్ఱములు డస్సినవని తెలియగానే రథము నిలుపుటకు వారు సందేహింపలేదు. అర్జునుడు బాణములతో నేల చీల్చి సరస్సు పుట్టించి, బాణములతోనే నీడకొక చప్పరము కట్టెను. కృష్ణుడు గుఱ్ఱములను విప్పి, గ్రుచ్చుకొనిన యమ్ములు తీసి, కడిగి, మర్దించి, నీరు త్రాపి, మేపి, మరల పూన్చెను. శత్రువులు నలుగడల మూగియుండగా జరిగిన పనియిది. నిలిచిన కాలము పోయిన కాలము కాదని ఆ సారథికి తెలియును. మన పిల్లలకు "త్వరగా వచ్చేయి, దారిలో ఎక్కడా ఆగకు" అని చెప్పి పంపుచున్నాము. ఆగవద్దనుటలో ఆడపిల్లకు గల వేరు భయములును కలవు, వానిని మేమెరుగుదుము. అందుచేత ఒంటరిగ గాక ముగ్గురు నలుగురు బాలికలను కూర్చి పంపి, నడిదారిలో నొక వేపచెట్టో, చింతచెట్టో, తెలిసినవారి కొట్టమో ఆగుచోటుగ ముందే యేర్పరచుట మేలు. అచ్చట అయిదు నిమిషములు ఆగి, నాలుగు గ్రుక్కలు త్రాగి, ముఖము, మెడ, మోచేతులు తడుపుకొని మరల ఎక్కవలెను. సైకిలు ఆగిన క్షణమున ఎదురుగాలి నిలిచిపోయి ఒంటిలోని వేడి ఒక్కసారిగ పైకి పొంగినట్లుండును. పిల్లలు దానికి జడియుదురు. నీడలో ఆగి, తడుపుకొనిన అది అణగును.

ఇక త్రాగవలసినదేమి? గంటలోపు దారికి మంచినీరు చాలును. చెమటలో లీటరుకు ఒకటి మొదలు నాలుగు గ్రాముల వరకు ఉప్పు పోవును గాని, మన రాయలసీమ భోజనములో ఊరగాయయు కారపుపచ్చడియు ఆ లోటు నుంచవు. రెండు మూడు గంటలు త్రొక్కువారికి మాత్రము, అనగా పట్నమునకు పాలు, కూరలు తెచ్చు మగవారికి, పందెములకు సాధనచేయు యువకులకు, నీటితోపాటు ఉప్పును కొంత తీపియు కావలెను. ఉప్పు కలిపిన పలుచని మజ్జిగకంటె మేలైనది మాకు కనబడలేదు. ఉదయము రాగి అంబలి త్రాగి పోయిన వానికి నీరు, పిండిపదార్థము, ఉప్పు మూడును ఒక్క ముంతలో దొరకును. శ్రీరామనవమి పానకమును మంచిదే. అందు చిటికెడు ఉప్పు చేర్చిన దేవుడు కోపింపడు.

వాంతులు, విరేచనములతో నీరుపోయినవారికి ఈయవలసిన ద్రావణము వేరు. 1971లో బంగాళాదేశపు శరణార్థుల శిబిరములలో కలరా చెలరేగినపుడు డాక్టరు దిలీప్ మహలనబిస్ వేలమందికి త్రాపి బ్రతికించిన ఉప్పు, చక్కెర నీటి నుండి అది వ్యాపించినది. ఇంట చేయదలచిన లీటరు శుభ్రమైన నీటికి ఆరు తలగొట్టిన టీ చెంచాల చక్కెరయు, అర చెంచా ఉప్పును లెక్క. ఉప్పెక్కువైన అపాయము. ఆ ద్రావణపు పేరు పెట్టుకొని చక్కెర మిక్కుటముగ నున్న డబ్బాపానీయములు చాలకాలము అంగళ్లలో అమ్ముడైనవి. హైదరాబాదునందలి పిల్లల వైద్యురాలు డాక్టరు శివరంజని సంతోష్ ఏండ్ల తరబడి పోరాడగా, ప్రపంచ ఆరోగ్యసంస్థ చెప్పిన పాళ్లకు సరిపడని పానీయములు 'ఓఆర్ఎస్' అను పేరు వాడరాదని 2025 అక్టోబరులో కేంద్ర ఆహార ప్రమాణముల సంస్థవారు ఉత్తరువు చేసిరి. ఒక స్త్రీ పట్టుదల ఎంతపని చేయునో చూడుడు! కావున ఎండనబడి వచ్చిన పిల్లకు రంగునీళ్ల సీసా కొనియిచ్చి పని తీరినదనుకొనవలదు.

అతిగ త్రాగుటయు మంచిదికాదు. గంటల తరబడి వట్టినీరే లీటర్లకొలది త్రాగిన నెత్తురులోని ఉప్పు పలుచబడి తలనొప్పి, వాంతి, స్మృతి తప్పుట కలుగును. దాహమును బట్టి, చెమటను బట్టి త్రాగవలెను గాని పంతమునకు త్రాగరాదు. మన జిల్లాలో మరియొక చిక్కు: కొన్ని యూళ్ల బోరునీటిలో ఫ్లోరైడు కలదు. లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములు మించరాదని ప్రపంచ ఆరోగ్యసంస్థ కట్టడి. నీరెక్కువ త్రాగువానికి ఫ్లోరైడును ఎక్కువే చేరును; కాచిన అది పోదు, చిక్కబడును. 1995లో సత్యసాయి ట్రస్టువారు మొదలిడిన మంచినీటి పథకము వందలకొలది గ్రామములకు నీరు తెచ్చుటలో ఈ కారణమును ఉండెను. పిల్ల సీసాలో నింపునది పొలము బోరునీరు గాక త్రాగునీటి కొళాయిదై యుండవలెను.

సీసాను గూర్చి ఒక మాట. సైకిలుకు తగిలించిన సీసాలోని నీరు పది నిమిషములలో కాగును. వేడినీటిని పిల్ల త్రాగదు, చల్లనిదైన తనంతట తానే యెక్కువ త్రాగును. పాత నూలుగుడ్డనో, గోనెపీలికనో సీసాకు సంచివలె కుట్టి తడిపి యుంచుడు. ఎదురుగాలికి అది కుండవలె పనిచేయును. దీనికి ఖర్చు లేదు. ఓణీని తడిపి మెడచుట్టు వేసికొనుటయు మంచిదే. కాని కొంగు చక్రములో చిక్కుకొను ప్రమాద మున్నది, వెనుక ముడివేసి రవికెలో దోపవలెను. లేతరంగు వదులు నూలుబట్టలు, తలకు తడిగుడ్డ, ఇంతే సామగ్రి. జేబులో ఉల్లిపాయ పెట్టుకొనిన వడదెబ్బ తగులదని మాయింట పనిచేయు అవ్వ చెప్పును. ఉల్లిపాయ మజ్జిగన్నములో నంజుకొనిన రుచి; జేబులో దానివలన ఉపకార మేమియు లేదు.

వేడికి ఒళ్లు అలవాటుపడుటకు ఒకటి రెండు వారములు పట్టును. అలవాటైన యొంటికి చెమట తొందరగ, ధారాళముగ పట్టును, అందు ఉప్పు తక్కువ పోవును. సెలవులన్నియు పంకాక్రింద గడపిన పిల్ల జూనులో బడి తెరచిననాడే మునుపటి వేగమున త్రొక్కరాదు. మొదటి వారము నెమ్మదిగ పోవలెను. జ్వరము, విరేచనములు ఉన్ననాడు సైకిలు వలదు.

ఇన్ని చేసినను ఒకప్పుడు ఆపద రావచ్చును. సైకిలు త్రొక్కుచున్నవారి మాట తడబడినను, తూలినను, పొంతనలేని మాటలాడినను వడదెబ్బయని యెంచవలెను. చెమట పట్టుచున్నది గదా యని ఉపేక్షింపరాదు. శ్రమవలన వచ్చు వడదెబ్బలో చెమట ఉండవచ్చును. వెంటనే నీడకు చేర్చి, బిగువు బట్టలు సడలించి, ఒళ్లంతయు నీళ్లు పోసి విసరవలెను. బోరుకడ పశువుల తొట్టి యున్నచో మెడవరకు కూర్చుండబెట్టి తల పట్టుకొనవలెను. స్మృతిలేని నోట నీరు పోయరాదు. ఒకరు చల్లబరుచుచుండగా వేరొకరు 108కి ఫోను చేయవలెను. బండి వచ్చువరకు చల్లబరుచుట ఆపరాదు. ముందు చల్లబరుచుట, పిదప ఆసుపత్రి.

అన్నిటికంటె పెద్ద యడ్డంకిని కడపట వ్రాయుచున్నాము. మాపేటలోని ఒక బాలిక సీసా దినదినము నింపినది నింపినట్లే తిరిగి వచ్చుచుండగా తల్లి కారణ మడిగెను. బడిలోని మరుగుదొడ్డికి పోవుటకు వెరచి, ఆ పిల్లయు తోడివారును ఉదయమునుండి నీరు ముట్టుటలేదట. కేరళమున 2019లో మొదలై మన రాష్ట్రమునకును వచ్చిన నీటిగంట మ్రోగును, మగపిల్లలు త్రాగుదురు, వీరు సీసా పెదవి కానించి దింపుదురు. తెలిసిన పిమ్మట నలుగురు తల్లులు కలసి ప్రధానోపాధ్యాయుని కడకు పోయిరి. ఆడపిల్లల దొడ్డికి లోపల గడియ లేదు, నీళ్లతొట్టి పగిలియుండెను. మా యింటివారు గడియ తెచ్చి బిగింపించిరి, తల్లులు తొట్టికి చందా వేసికొనిరి, తాళపుచెవి ఆయమ్మ కడ నుంచిరి. అంతయు పదిదినముల పని. ఇప్పుడా బాలికల సీసాలు మధ్యాహ్నము తేలికగ వచ్చుచున్నవి.